సోర్న్‌లో పెట్టిన కారును మళ్లీ రోడ్డెక్కించాలంటే: పన్ను కట్టే ముందు, కట్టేటప్పుడు, కట్టాక

బ్రిటన్‌లో ఉంటూ ఆరు నెలలో ఏడాదో ఇండియా వెళ్లి వచ్చినవాళ్లకు ఇది బాగా తెలిసిన దృశ్యమే. ఇంటి ముందు డ్రైవ్‌వేలో కారు దుమ్ము కొట్టుకుని ఉంటుంది. అద్దాల మీద ఆకులు, చక్రాల చుట్టూ నాచు. వెళ్లేటప్పుడు బుద్ధిగా సోర్న్ చేసి వెళ్లారు, అంటే ఈ కారు రోడ్డు మీదికి రాదని, వాహనాల రిజిస్ట్రేషనూ పన్నూ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏకు ప్రకటన ఇచ్చారు. ఇప్పుడు సోమవారం ఆఫీసుకు కారు కావాలి. పన్ను కట్టేస్తే చాలు కదా అనుకుంటారు. కట్టడానికి నిజంగానే ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలకు ముందు జరగవలసిన పనులు ఒక వరుసలో జరగాలి. ఆ వరుస తప్పితే జరిమానాలే.

ఆ వరుస ఇది: బీమా, ఎంఓటీ (కారు రోడ్డుకు పనికొస్తుందో లేదో ఏటా చూసే పరీక్ష), పన్ను. ఆ తర్వాతే స్టీరింగు.

ముందుగా చాలామందిని వేధించే సందేహం ఒకటి తీర్చేస్తాను. కారు సోర్న్‌లో ఉన్న నెలలకు మీరు బాకీ ఏమీ లేరు. ఏడాది కాదు, ఐదేళ్లు ఉన్నా సరే, పాత పన్ను ఎవరూ అడగరు. సోర్న్‌ను ఏటా పొడిగించాల్సిన పని కూడా ఇప్పుడు లేదు. కారుకు పన్ను కట్టేదాకా, అమ్మేదాకా, తుక్కుకు ఇచ్చేదాకా, లేదా దేశం దాటించేదాకా అది అలాగే కొనసాగుతుంది. దాన్ని రద్దు చేయమని విడిగా దరఖాస్తు పెట్టనక్కరలేదు. పన్ను కట్టిన క్షణాన దానంతట అదే రద్దవుతుంది.

అసలు సోర్న్ చేయకుండానే వెళ్లిపోయినవాళ్ల సంగతి వేరు. డైరెక్ట్ డెబిట్‌ను, అంటే ఖాతాలో నుంచి పన్ను దానంతట అదే వెళ్లే ఏర్పాటును, బ్యాంకులో ఆపేస్తే సోర్న్ చేసినట్టేనని అనుకునేవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ముగ్గురున్నారు. కాదు. బ్యాంకులో చెల్లింపు ఆగితే పన్ను ఎగ్గొట్టినట్టు లెక్క. పన్నూ లేక, సోర్నూ లేక కారు మీ పేరున ఉంటే 80 పౌండ్ల జరిమానా కాగితం ఇంటికి వస్తుంది. గడువులోగా కడితే అందులో సగం. పన్ను లేని నెలల బకాయి దానికి అదనం. మీ పరిస్థితి ఇదైతే తలుపు దగ్గర పేరుకున్న ఉత్తరాలు ముందు విప్పండి. ఆ లెక్క తేల్చుకున్నాకే కింది పనుల్లోకి రండి.

కారు ఏ స్థితిలో ఉందో చూసుకోండి

ప్రభుత్వ వెబ్‌సైటు గవ్ డాట్ యూకేలో కారు నంబరు కొడితే పన్ను ఉందా, సోర్న్‌లో ఉందా, ఎంఓటీ ఎప్పటిదాకా ఉందో ఉచితంగా చూపిస్తుంది. నంబరు ఒక్కటి చాలు, లాగిన్ అక్కరలేదు. అక్కడే ఎంఓటీ చరిత్ర కూడా చూడవచ్చు. కిందటిసారి పరీక్షలో పాసైనా, ఫలానా టైరు అరుగుతోంది, ఫలానా బ్రేకు పలచబడింది అని హెచ్చరికలు రాసి ఉంటారు. వాటిని చదవండి. కారు నిలబడి ఉన్నన్నాళ్లు అవి నయం కావు.

తర్వాత లాగ్‌బుక్, అంటే వీ5సీ అనే రిజిస్ట్రేషను పత్రం. ఇంట్లో ఎక్కడ పెట్టారో వెతికి పట్టుకోండి. పన్ను గడువు దగ్గరపడితే మామూలుగా వచ్చే గుర్తుచేసే ఉత్తరం సోర్న్‌లో ఉన్న కారుకు రాదు. కాబట్టి ఆ ఉత్తరంలోని 16 అంకెల సంఖ్య మీ దగ్గర ఉండదు. మీకు దిక్కు లాగ్‌బుక్‌లోని 11 అంకెల రిఫరెన్సు సంఖ్యే. చిరునామా మారినప్పుడల్లా కొత్త లాగ్‌బుక్ వస్తుంది, దానితో పాటు ఈ సంఖ్యా మారుతుంది. సొరుగులో రెండు లాగ్‌బుక్కులు దొరికితే తేదీ చూసి కొత్తది వాడండి. పాతదాన్ని చింపేయండి.

లాగ్‌బుక్ మామూలుగా మీ పేరున, ఇప్పటి చిరునామాతో ఉండాలి. మన కుటుంబాల్లో కారు భర్త పేరున ఉండి, ఆయన ఇండియాలో ఉండిపోయి, ఇక్కడ భార్య పన్ను కట్టడం మామూలే. అందులో ఇబ్బంది లేదు, సంఖ్య ఎవరు కొట్టినా పని జరుగుతుంది. కానీ జరిమానాలూ ఉత్తరాలూ లాగ్‌బుక్‌లో ఉన్న పేరుకూ చిరునామాకూ పోతాయి. మధ్యలో ఇల్లు మారి ఉంటే ముందు ఆ చిరునామా మార్చండి. దానికి రుసుము లేదు. లాగ్‌బుక్ పోతే కొత్తదానికి 25 పౌండ్లు. వీ62 ఫారం నింపి ఆ రుసుముతో పోస్టాఫీసుకు తీసుకెళ్తే అక్కడే పన్ను కూడా కట్టవచ్చు.

సోర్న్‌లో ఉన్న కారును కొత్తగా కొన్నవాళ్లకు ఒక మాట. అమ్మినవాళ్ల సోర్న్ మీకు రాదు. కారు చేతులు మారగానే అది పోతుంది. వెంటనే మీరు పన్నయినా కట్టాలి, లేదా మీ పేరున మళ్లీ సోర్న్ అయినా చేయాలి. అమ్మినవాళ్లు చింపి ఇచ్చే ఆకుపచ్చ ముక్క, అంటే కొత్త కీపరు స్లిప్పు మీద 12 అంకెల సంఖ్య ఉంటుంది. దానితో అప్పటికప్పుడు పన్ను కట్టవచ్చు.

యంత్రాన్ని నిద్ర లేపడం

ఇది పన్ను గురించి రాస్తున్నదే అయినా, ఎంఓటీలో ఫెయిలైతే పన్ను దాకా వెళ్లరు. అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

బ్యాటరీ దాదాపు ఖాయంగా పడిపోయి ఉంటుంది. పక్కింటి కారు నుంచి జంప్ లీడ్స్‌తో ఒకసారి స్టార్ట్ చేసినంత మాత్రాన సరిపోదు. ఛార్జర్ పెట్టి రాత్రంతా ఉంచండి. నెలల తరబడి పూర్తిగా ఖాళీగా ఉండిపోయిన బ్యాటరీ ఛార్జయినట్టు కనిపించి, ఎంఓటీ కేంద్రం దగ్గర ఇంజను ఆపగానే మళ్లీ మొరాయిస్తుంది. అలాంటిదాన్ని మార్చేయడమే మేలు.

టైర్లలో గాలి నింపండి. ఒకే చోట బరువు మోస్తూ నిలబడ్డ టైర్లు అడుగున చదునుగా అణిగి ఉంటాయి, కొంతదూరం నడిచాక చాలావరకు సర్దుకుంటాయి. పక్కన పగుళ్లు కనిపిస్తే మాత్రం ఇక పనికిరావు. టైరు మీది గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. బ్రేకు డిస్కుల మీద ఎర్రటి తుప్పు చూసి భయపడకండి. పైపైన పట్టిందైతే నాలుగైదుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. అసలు సమస్య హ్యాండ్‌బ్రేక్. నెలల తరబడి లాగి ఉంచితే బిగుసుకుపోయి, వదిలినా చక్రం కదలదు. ఇకపై ఎక్కువ కాలం వదిలి వెళ్లేటప్పుడు కారును గేరులో ఉంచి, చక్రాల కింద అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలేసి వెళ్లండి.

బానెట్ ఎత్తి చూడండి. చలికాలంలో ఎలుకలకు అది మంచి ఇల్లు, వైర్లు మంచి తిండి. వైపర్ల కింది గాడిలో పేరుకున్న ఆకులు తీసేయండి, లేకపోతే వాననీరు లోపలికి దిగుతుంది. ఆయిలు, కూలెంటు, అద్దం కడిగే నీళ్లు చూసుకోండి. తర్వాత అన్ని బల్బులూ వెలిగించి చూడండి, నంబరు పలక మీది చిన్న దీపంతో సహా. హారను మోగుతోందా, వైపరు రబ్బరు చీలిందా? ఇలాంటి చిల్లర కారణాలతో ఫెయిలయ్యే కార్లు చాలా ఉంటాయి.

బీమా

మొదట తీసుకోవలసింది ఇదే. కారు సోర్న్‌లో ఉన్నంతకాలం బీమా లేకపోయినా చట్టం ఊరుకుంటుంది. 2011 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, సోర్న్ లేని ప్రతి కారుకూ, అది గ్యారేజీలో కదలకుండా ఉన్నా సరే, బీమా ఉండి తీరాలి. పన్ను కట్టగానే మీ సోర్న్ పోతుంది కాబట్టి ఆ క్షణం నుంచీ ఈ నిబంధన మీకు వర్తిస్తుంది. బీమా లేకుండా కారు ఇంటి దగ్గరే ఉన్నా 100 పౌండ్ల జరిమానా పడవచ్చు. రోడ్డు మీద పట్టుబడితే 300 పౌండ్లు, లైసెన్సు మీద ఆరు పాయింట్లు.

ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో పన్ను కట్టేటప్పుడు పోస్టాఫీసు కౌంటరులో బీమా పత్రం అడగరు, ఉత్తర ఐర్లండ్‌లో అడుగుతారు. అడగలేదు కదా అని బీమా లేకుండా పన్ను కట్టేవాళ్లు ఉన్నారు. రోడ్డు మీద నంబర్లు చదివే కెమెరాలు అడుగుతాయి.

పాలసీ ఎంఓటీకి వెళ్లే రోజు నుంచే మొదలవ్వాలి. పరీక్షకు తీసుకెళ్లడానికి కూడా బీమా తప్పనిసరి. మీ నో క్లెయిమ్స్ బోనస్ (క్లెయిములు లేని ఏళ్లకు బీమాలో ఇచ్చే తగ్గింపు) పత్రం వెతికి ఉంచుకోండి. చాలా కంపెనీలు పాలసీ ఆగిన రెండేళ్లలోపు బోనస్‌నే లెక్కలోకి తీసుకుంటాయి. కారును రెండేళ్లకు మించి మూలన పెట్టబోతుంటే ఇది ముందే ఆలోచించుకోవలసిన విషయం.

ఎంఓటీ

కారు మొదటి రిజిస్ట్రేషనుకు మూడేళ్లు నిండితే ఎంఓటీ కావాలి, ఉత్తర ఐర్లండ్‌లో అయితే నాలుగేళ్లు. అది గడువు దాటి ఉంటే పన్ను కట్టనివ్వరు. పన్ను లేకుండా రోడ్డెక్కకూడదు, రోడ్డెక్కకుండా ఎంఓటీకి వెళ్లలేరు. మరి ఎలా? చట్టమే ఒక సందు వదిలింది: ముందుగా సమయం తీసుకున్న ఎంఓటీకి వెళ్లడానికీ, అక్కడి నుంచి తిరిగి రావడానికీ సోర్న్‌లో ఉన్న కారును నడపవచ్చు.

ఇందులో 'ముందుగా సమయం తీసుకున్న' అన్నది ముఖ్యం. దారిలో కెమెరా మీ నంబరును పట్టి, పోలీసులు ఆపితే, ఫలానా కేంద్రంలో ఫలానా వేళకు పరీక్ష ఉందని చూపించగలగాలి. బుకింగు ఈమెయిలు ఫోనులో పెట్టుకోండి. దగ్గర్లోని కేంద్రాన్నే ఎంచుకోండి. దారిలో పాలకూ కూరగాయలకూ ఆగకండి. పరీక్ష మిషతో ఊరు తిరిగితే, సోర్న్ కారును రోడ్డు మీద వాడినందుకు కోర్టు 2,500 పౌండ్ల దాకా జరిమానా వేయవచ్చు. బ్రేకులు పనిచేయని కారును ఈ వెసులుబాటు కాపాడదు, రోడ్డుకు పనికొచ్చే స్థితిలో ఉంటేనే నడపాలి. అనుమానంగా ఉంటే ట్రక్కు మీద ఎక్కించి పంపండి. ఆ ఖర్చు నొప్పించినా, అడుసు తొక్కనేల కాలు కడగనేల.

లండన్‌లో ఉన్నవాళ్లకు ఇంకొక సంగతి. కాలుష్యం ఎక్కువ వదిలే వాహనాలకు రోజువారీ రుసుము వేసే యూలెజ్ ప్రాంతం 2023 ఆగస్టు 29 నుంచి లండన్‌లోని అన్ని బరోలకూ, అంటే నగరమంతటికీ విస్తరించింది. అంతకుముందు మూలన పెట్టిన పాత డీజిల్ కారును ఇప్పుడు బయటికి తీస్తే, ఎంఓటీకి వెళ్లినా సరే, ఆ రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి. మీ కారు ఆ ప్రమాణాలకు సరిపోతుందో లేదో ముందే చూసుకోండి. సరిపోకపోతే పన్ను కట్టడం కంటే అమ్మడం మేలేమో ఆలోచించవలసింది ఈ దశలోనే.

కారు ఎంఓటీకి గరిష్ఠ రుసుము 54.85 పౌండ్లు. లోపాలను ప్రమాదకరం, పెద్దది, చిన్నది అని మూడు రకాలుగా రాస్తారు. మొదటి రెండింటిలో ఏదున్నా ఫెయిలే. ప్రమాదకరం అని రాస్తే ఆ కారును అక్కడి నుంచి నడిపి తీసుకురాకూడదు, మరమ్మతు అయ్యాకే కదిలించాలి. అదే కేంద్రంలో వదిలి బాగుచేయిస్తే 10 పనిదినాల్లోపు పాక్షిక పునఃపరీక్షకు రుసుము ఉండదు. పరీక్షతో పాటు మరమ్మతులూ చేసే చోటును ఎంచుకోమని నేను చెప్పేది ఇందుకే.

నలభై ఏళ్లు దాటిన కార్లకు, పెద్ద మార్పులేవీ చేయకపోతే, ఎంఓటీ అక్కరలేదు. పన్ను కూడా సున్నాయే. కానీ సున్నా పన్నుకైనా దరఖాస్తు చేయాలి. చేయకపోతే పన్ను లేనట్టే లెక్క.

ఇక పన్ను: ఏ తేదీన కట్టాలి?

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. వాహన పన్ను నెలల లెక్కన నడుస్తుంది, రోజుల లెక్కన కాదు. మీరు నెలలో ఏ తేదీన కట్టినా ఆ నెల 1వ తేదీ నుంచే లెక్క. నేను 29వ తేదీ సాయంత్రం హడావిడిగా కట్టాను. మర్నాడు కారు బయటికి తీయను కూడా లేదు. రెండు రోజులు ఆగి ఉంటే ఒక నెల పన్ను మిగిలేది. నెలాఖరులో ఉంటే, మరీ అవసరం లేకపోతే, 1వ తేదీ దాకా ఓపిక పట్టండి. సోర్న్ చేసేటప్పుడు దీనికి తలకిందులు. తిరిగి వచ్చే డబ్బును మిగిలిన పూర్తి నెలలకే లెక్కగడతారు కాబట్టి, 2వ తేదీన సోర్న్ చేస్తే ఆ నెల మొత్తం పోయినట్టే.

కట్టడానికి మూడు దారులు. గవ్ డాట్ యూకేలో కారు నంబరు, లాగ్‌బుక్‌లోని 11 అంకెలు కొట్టి కట్టవచ్చు. 0300 123 4321కు ఫోను చేసి అవే సంఖ్యలు నొక్కవచ్చు, అది 24 గంటలూ పనిచేస్తుంది. లేదా లాగ్‌బుక్ పట్టుకుని వాహన పన్ను తీసుకునే పోస్టాఫీసుకు వెళ్లవచ్చు. అన్ని పోస్టాఫీసులూ తీసుకోవు, కనుక్కుని వెళ్లండి.

సెర్చ్ ఇంజనులో కొట్టి, పైన వచ్చిన మొదటి లింకు నొక్కకండి. ప్రభుత్వ సైటులా కనిపిస్తూ సేవా రుసుము వసూలు చేసే ప్రైవేటు సైట్లు ఉన్నాయి. చిరునామా మీరే టైపు చేయండి. పన్ను వాపసు ఉంది, బ్యాంకు వివరాలు ఇవ్వండి అంటూ వచ్చే సందేశాలన్నీ మోసమే.

ఎంత కట్టాలన్నది కారు మొదటి రిజిస్ట్రేషను తేదీని బట్టి. 2001 మార్చికి ముందువాటికి ఇంజను పరిమాణం, అప్పటి నుంచి 2017 మార్చి 31 దాకా కార్బన్ డయాక్సైడ్ ఉద్గారం, ఆ తర్వాతివాటికి రెండో ఏడు నుంచి ఒకే ప్రామాణిక రేటు. 2025 ఏప్రిల్ రేట్ల ప్రకారం ఆ ప్రామాణిక రేటు ఏడాదికి 195 పౌండ్లు. ఒకేసారి కడితే అంతే. డైరెక్ట్ డెబిట్‌లో నెలనెలా కడితే 5 శాతం ఎక్కువ, మొత్తం 204.75. డైరెక్ట్ డెబిట్ లేకుండా ఆరు నెలలకు కడితే 107.25, అంటే ఏడాది లెక్కలో అన్నిటికంటే ఖరీదు. నాలుగైదు నెలల్లో మళ్లీ ఇండియా వెళ్లేవాళ్లు కూడా అది తీసుకోనక్కరలేదు. ఏడాదికి కట్టి, వెళ్లేటప్పుడు సోర్న్ చేస్తే మిగిలిన నెలల డబ్బు తిరిగి వస్తుంది.

ఎలక్ట్రిక్ కారును సున్నా పన్ను రోజుల్లో సోర్న్ చేసి ఇప్పుడు తిరిగొచ్చినవాళ్లకు చిన్న అదురు తప్పదు. 2025 ఏప్రిల్ 1 నుంచి వాటికీ పన్ను ఉంది. 2017 ఏప్రిల్ నుంచి 2025 మార్చి మధ్య రిజిస్టరైనవాటికి ఆ ప్రామాణిక రేటే.

సోర్న్ చేసినప్పుడు మీ పాత డైరెక్ట్ డెబిట్ రద్దయి ఉంటుంది. అదే మళ్లీ మొదలవుతుందని కూర్చోకండి, కొత్తది పెట్టాలి. మొదటి వాయిదా ఖాతాలో నుంచి వెళ్లడానికి కొన్ని రోజులు పట్టినా, పన్ను నమోదైన వెంటనే కారు నడపవచ్చు.

కట్టాక

అద్దానికి అంటించే గుండ్రటి కాగితం ఇప్పుడు రాదు. 1921లో మొదలైన ఆ పద్ధతిని 2014 అక్టోబరు 1న ఎత్తేశారు. వచ్చిన ఈమెయిలును దాచుకోండి. రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ కారు నంబరు కొట్టి, పన్ను ఉన్నట్టు చూపిస్తోందో లేదో చూడండి. బీమా కంపెనీల ఉమ్మడి డేటాబేసులోకి మీ పాలసీ ఎక్కిందో లేదో కూడా చూసుకోండి. అందులో మీ కారు కనిపించకపోతే, బీమా ఉన్నా పోలీసులు ఆపుతారు. పాలసీ పత్రం ఫోనులో ఉంటే ఆ సంభాషణ త్వరగా ముగుస్తుంది.

ఎంఓటీ తేదీని, పన్ను ముగిసే తేదీని పక్కపక్కనే క్యాలెండరులో రాసుకోండి. డైరెక్ట్ డెబిట్ ఏటా దానంతట అదే కొనసాగుతుంది, కానీ పన్ను పొడిగించే నాటికి ఎంఓటీ లేకపోతే అది ఆగిపోతుంది. మళ్లీ ఇండియా టికెట్లు తీసుకునేటప్పుడు ఆ రెండు తేదీలు మీ ప్రయాణం మధ్యలో పడుతున్నాయేమో చూడండి. పడుతుంటే వెళ్లే నెల చివరి రోజుల్లో సోర్న్ చేసి, కారును వీధిలో కాకుండా డ్రైవ్‌వేలోనో గ్యారేజీలోనో పెట్టి, గేరులో వదిలి, లాగ్‌బుక్‌లోని ఆ 11 అంకెలను ఫొటో తీసుకుని బయలుదేరండి.